నేల కరిగితే నీళ్లేమవుతాయి?

మన దగ్గర నేల ఎండుతుంది, నెర్రెలిస్తుంది, వానొస్తే బురదవుతుంది, వరదొస్తే కోసుకుపోతుంది. నేల కరగడం ఎప్పుడైనా విన్నారా? నేల మీది మంచు కాదండీ, నేలే! కెనడా ఉత్తర ప్రాంతాల్లో, అలాస్కాలో, సైబీరియాలో వేల ఏళ్లుగా రాయిలా గడ్డకట్టి ఉన్న నేల ఇప్పుడు కరిగి, కుంగి, చిత్తడిలో కలిసిపోతోంది.

ఎక్కడో ధ్రువం దగ్గర సంగతి మనకెందుకులే అని పేజీ తిప్పేయకండి. ఆ నేల కరగడంతో అక్కడి నీళ్ల దారి మారుతోంది, రంగు మారుతోంది. ఆ నీళ్లలో పెరిగిన చేపను గర్భిణి తినొచ్చా, బాలింతకు పెట్టొచ్చా అన్న ప్రశ్న వంటింట్లోకి వచ్చి కూర్చుంది. చేప వండుకునే ఏ ఇల్లాలికైనా పనికొచ్చే ప్రశ్నే అది.

నాకు ఆ ప్రశ్న ఎదురైంది 2024 వేసవిలో. మా అమ్మాయి పురిటికని ఎల్లోనైఫ్ వెళ్లాను. కెనడాలోని నార్త్‌వెస్ట్ టెరిటరీస్ అనే ప్రాంతానికి ఈ ఊరు రాజధాని. రెండు తెలుగు రాష్ట్రాలు కలిపితే ఎంతో, ఆ ప్రాంతం దానికి సుమారు అయిదు రెట్లు. జనం మాత్రం అంతా కలిపి 45 వేల మంది. మన దగ్గర ఓ చిన్న మునిసిపాలిటీకి ఉన్నంత! అందులో సగానికి దగ్గరగా ఎల్లోనైఫ్‌లోనే ఉంటారు.

బయల్దేరేటప్పుడు శొంఠి, వాము, కారప్పొడి అన్నీ సర్దుకున్నాను. చేపల సంగతి అక్కడ చూసుకోవచ్చులే అనుకున్నాను. మాది గోదావరి ఒడ్డు, చేప లేని పథ్యం మాకు పథ్యం కాదు. పైగా ఆ ఊరు ఉన్నదే గ్రేట్ స్లేవ్ సరస్సు ఒడ్డున. ఉత్తర అమెరికా మొత్తం మీద అంతకంటే లోతైన సరస్సు లేదు, 614 మీటర్లు. ఇంక చేపలకేం కొదవ?

మా అమ్మాయి మాత్రం ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితం ఒకటి చూపించింది. ఆసుపత్రిలో నర్సు ఇచ్చిందట. "అమ్మా, ఇక్కడ చేప కొనేముందు రెండు ప్రశ్నలు అడగాలి. ఏ చేప? ఏ సరస్సుది?" అంది.

చేపకి ఊరూ పేరూ అడగడం ఏమిటా అని ఆరా తీస్తే, తీగ లాగితే డొంకంతా కదిలినట్టయింది. ఆ డొంకలో పెద్ద భాగం ఈ కరిగే నేల.

నాచు సంచీలో పసిపాప

రెండేళ్లు, అంతకు మించి ఏకధాటిగా సున్నా డిగ్రీలు దాటకుండా చల్లగా ఉండే నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. రెండేళ్లన్నది లెక్క కోసం పెట్టుకున్నదే. చాలా చోట్ల అది వందల, వేల ఏళ్లుగా గడ్డకట్టే ఉంది. వేసవిలో పైన ఓ మూరెడు మందాన కరుగుతుంది. గడ్డీ గాదం, చెట్టూ చేమా ఆ మూరెడులోనే బతకాలి. కింద పలుగు వేసినా దిగదు.

ఇలా గడ్డకట్టిన నేలల్లో ఒక రకం పీట్ నేల. పీట్ అంటే ఏమిటో కుండీల్లో మొక్కలు పెంచే వాళ్లకు చెప్పనక్కర్లేదు. నర్సరీలో కోకోపీట్ పక్కనే, దానికంటే ఖరీదుగా, పీట్‌మాస్ అని అమ్ముతారే, అదే. కోకోపీట్ మన కొబ్బరి పీచు పొట్టు. పీట్ మాత్రం నాచు. చలి దేశాల చిత్తడిలో స్ఫాగ్నమ్ అనే నాచు పెరుగుతుంది. అది చచ్చాక నీళ్లలో మునిగి ఉంటుంది కాబట్టి గాలి తగలదు. చలికి సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేయవు. అందుకని పూర్తిగా కుళ్లదు. ఊరగాయ జాడీలో ముక్క నూనెలో మునిగి ఉన్నంతకాలం బూజు పట్టదు చూడండి, ఇంచుమించు అదే సూత్రం. ఏడాదికి మిల్లీమీటరుకు అటూ ఇటూగా పేరుకుంటూ, వేల ఏళ్లకు అది మనిషి లోతు, ఇద్దరు మనుషుల లోతు అవుతుంది.

ప్రపంచంలోని నేలంతటిలో ఈ పీట్ నేలలు నూటికి మూడు వంతులే. కానీ లోకంలో అడవుల చెట్లన్నిటిలో ఉన్న కార్బన్ కంటే వీటిలో దాగిందే ఎక్కువ. కెనడా ఒక్క దేశంలోనే ప్రపంచపు పీట్ నేలల్లో నాలుగో వంతు ఉన్నాయి.

ఈ నాచుకో గొప్ప గుణం ఉంది. తన బరువుకు ఇరవై రెట్ల దాకా నీళ్లు పీల్చుకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో దూది కరువైతే బ్రిటన్‌లో ఆడవాళ్లూ పిల్లలూ ఈ నాచు ఏరి, ఆరబెట్టి, సైనికుల గాయాలకు కట్లు తయారుచేసి పంపారు. ఉత్తర కెనడా మూలవాసులైన డెనె స్త్రీలకు ఈ సంగతి అంతకు ఎంతో ముందే తెలుసు. నాచు తెచ్చి, పుల్లలూ పురుగులూ ఏరేసి, ఆరబెట్టి, తోలుతోనో గుడ్డతోనో కుట్టిన సంచీలో మెత్తగా నింపేవారు. పసిబిడ్డను అందులో పడుకోబెట్టి ముందువైపు తాళ్లతో బిగించేవారు. తడిసిన నాచు పారేసి కొత్తది వేస్తే సరి. మన అమ్మమ్మలు పాత పంచెలు చింపి పొత్తిగుడ్డలు చేసినట్టే. నేను చూసిన నాచు సంచీ మ్యూజియంలో గాజు వెనక ఉంది. దానిమీద రంగు పూసలతో అడవి గులాబీలు కుట్టారు. ఎంత సన్నని పనో! డైపర్లు వచ్చాక రోజువారీ వాడకం తగ్గింది కానీ, పుట్టబోయే బిడ్డకు నాచు సంచీ కుట్టి ఇవ్వడం వాళ్లలో ఇప్పటికీ ఉంది.

అంటే ఆ చిత్తడి వాళ్లకు పనికిరాని బీడు కాదు. నాచు, బెర్రీ పళ్లు, మందు ఆకులు, చుట్టూ నీళ్లు, నీళ్లలో చేప, ఒడ్డున దుప్పి. మన ఊరికి చెరువూ పొలమూ ఎలాగో, వాళ్లకది అలాగ.

గట్టు తెగితే

ఎల్లోనైఫ్‌కు పడమటి వైపు ఫోర్ట్ సింప్సన్ అనే ఊరుంది. లయర్డ్ నది వచ్చి మెకంజీ నదిలో కలిసేది అక్కడే. డెనె భాషలో ఆ ఊరి పేరు లీడ్లీ క్వే, అంటే నదులు కలిసే చోటు. మనమైతే సంగమం అని స్నానాలు చేసేవాళ్లం. మెకంజీని వాళ్లు డెహ్‌చో అంటారు, పెద్ద నది అని. పెద్దదే మరి. గోదావరికి నీళ్లిచ్చే నేల ఎంతో, దానికి దాదాపు ఆరు రెట్ల నేల నుంచి నీళ్లు మోసుకెళ్లి ఆర్కిటిక్ మహాసముద్రంలో పోస్తుంది.

ఆ ఊరికి దక్షిణాన 50 కిలోమీటర్ల దూరంలో స్కాటీ క్రీక్ అనే వాగు ఉంది. విల్‌ఫ్రిడ్ లారియర్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త విలియం క్వింటన్, ఆయన బృందం 1990ల నుంచి అక్కడ కొలతలు తీస్తున్నారు. పీట్ నేల కరిగితే నీళ్లేమవుతాయో ప్రపంచంలో ఇంత ఓపిగ్గా చూసిన చోట్లు తక్కువ. నేను అక్కడికి వెళ్లలేదు, వాళ్లు ప్రకటించినవి చదివి చెబుతున్నాను.

ఆ చోటును పైనుంచి చూస్తున్నట్టు ఊహించుకోండి. చిత్తడి మధ్య ఎత్తయిన దిబ్బలు, గోదావరి లంకల్లాగా. చుట్టూ ఉన్న చిత్తడి కంటే ఓ మీటరు, రెండు మీటర్లు ఎత్తుంటాయి. చెట్లన్నీ వాటి మీదే. బ్లాక్ స్ప్రూస్ అని, సన్నగా, పొడుగ్గా, సీసాలు కడిగే బ్రష్షుల్లా ఉంటాయి. దిబ్బ ఎందుకు ఎత్తుగా ఉందంటే దాని కడుపులో మంచుంది. నీళ్లు గడ్డకడితే ఉబ్బుతాయని, ఫ్రీజర్లో గాజు సీసా పగిలిన ఇల్లాలికి వేరే చెప్పాలా?

దిబ్బల మధ్య నీళ్లు రెండు రకాలు. ఒకటి, నాలుగు వైపులా దిబ్బల నడుమ బందీ అయిపోయిన మడుగు. వాన పడినా మంచు కరిగినా ఆ నీళ్లు అందులోనే ఉంటాయి. మంచు కడుపున్న దిబ్బ చెరువు గట్టులా అడ్డంగా నిలుస్తుంది. రెండోది, మెల్లగా పారుతూ వాగులోకి చేరే చిత్తడి కాలువ.

ఇప్పుడు దిబ్బలోని మంచు కరిగిందనుకోండి. దిబ్బ కుంగుతుంది. చెట్ల వేళ్లు నీళ్లలో మునుగుతాయి. పట్టు తప్పిన చెట్లు ఒకటి ఇటు, ఒకటి అటు ఒరుగుతాయి. ఇలాంటి అడవిని అక్కడ తాగుబోతు అడవి అంటారు. కొన్నాళ్లకు ఆ చెట్లు చచ్చిపోతాయి. అడ్డు పోయిన మడుగు పక్క మడుగులోకి పొర్లుతుంది. అది ఇంకోదానిలోకి, చివరికి కాలువలోకి. వరంగల్ వైపు కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల కింద బతికినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. కాకపోతే మన చెరువులకు తూములూ అలుగులూ ఉన్నాయి. ఇక్కడ ఉన్న గట్టల్లా మంచే.

స్కాటీ క్రీక్‌లో ఒక చదరపు కిలోమీటరు ముక్కను ఎంచుకుని పాత విమాన ఫోటోలతో పోల్చి చూశారు. 1947లో అందులో నూటికి 70 వంతులు గడ్డకట్టిన దిబ్బలే. 2008 నాటికి మిగిలినవి 43 వంతులు. అమ్మమ్మ చిన్నప్పుడు దుప్పి జాడ చూస్తూ నడిచిన అడవి, మనవరాలి నాటికి మోకాలు దిగబడే మడుగయిందన్నమాట.

ఆ చుట్టుపక్కల నదుల్లో 1990ల మధ్య నుంచి పారే నీళ్లు పెరిగాయి. నేలలో కరిగిన మంచే నీళ్లయి వస్తోందేమో అనిపిస్తుంది కదా? అందులో ఆ వాటా కొంచెమే. ఇన్నాళ్లూ మడుగుల్లో బందీగా ఉన్న వాననీటికి దారి తెరుచుకోవడమే పెద్ద కారణమని లెక్కలు చెబుతున్నాయి. నీళ్లు ఎక్కువైతే మంచిదేగా అనకండి. బయటికి వచ్చే నీళ్లు ఒట్టి చేతులతో రావు. తర్వాత తర్వాత కొన్ని చోట్ల చిత్తడి ఇంకిపోయి, మళ్లీ చెట్లు మొలుస్తున్నాయి కూడా. కానీ ఆ చెట్ల కింద ఈసారి మంచు లేదు.

కరగడం ఎందుకు ఇంత తొందరగా అంటే, 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ ప్రాంతం భూగోళం సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. ఫోర్ట్ సింప్సన్ వైపు ఉన్న మంచు పొర మందం పది మీటర్లు కూడా లేదు, దాని చలి సున్నాకు కాస్త కిందే. అంచున కూర్చున్న దాన్ని తొయ్యడానికి ఎంత బలం కావాలి? దానికి తోడు అడవి మంటలు. పైనున్న నాచు మంచుకు రగ్గులాంటిది. అది కాలిపోతే ఎండ నేరుగా దిగుతుంది. పశ్చిమ కెనడా పీట్ నేలల్లో మూడు దశాబ్దాల్లో కరిగి మడుగులైన దానిలో నాలుగో వంతుకు మంటలే కారణమని 2018లో తేల్చారు. 2023 ఆగస్టులో మంటలు దగ్గరికొస్తున్నాయని ఎల్లోనైఫ్ ఊరు ఊరంతా ఖాళీ చేయించారు. మా అమ్మాయీ అల్లుడూ అప్పుడు రెండు పెట్టెలతో కారులో దక్షిణానికి వెళ్లిన సంగతి నాకు వారం తర్వాత గానీ చెప్పలేదు. అది వేరే కోపం.

కరిగే నేల నా కంటితో చూసింది ఒక ఆదివారం. మా అల్లుడు బెహ్‌చోకో అనే డెనె ఊరి వైపు కారులో తీసుకెళ్లాడు. వంద కిలోమీటర్ల తారు రోడ్డు. కానీ చీరాల బట్ట ఆరేసినట్టు ఎత్తులూ పల్లాలూ. కింద మంచు ఒకచోట కరిగి, ఒకచోట కరగక, రోడ్డు అలలు తేలింది. గుంతలు కావవి, నేలే కుంగిపోయింది. పక్కన ఓ మడుగులో స్ప్రూస్ చెట్లు మోకాళ్ల దాకా మునిగి, తలో దిక్కుకీ ఒరిగి ఉన్నాయి. మడుగులో నీళ్లు అచ్చం పాలు పోయని టీలాగా ఉన్నాయి.

డికాక్షన్ నీళ్లు

ఆ పోలిక నేను కల్పించింది కాదు, శాస్త్రవేత్తలూ అదే చెబుతారు. టీ ఆకు వేడినీళ్లలో దిగినట్టు, పీట్‌లోని సగం కుళ్లిన నాచు సారం నీళ్లలోకి దిగుతుంది. గోధుమరంగు దానిదే. గడ్డకట్టి ఉన్నంతకాలం ఆ సారం నేలలోనే ఉండేది. ఇప్పుడు మడుగు నుంచి కాలువకు, కాలువ నుంచి సరస్సుకు చేరుతోంది. నీళ్లు ముదురు రంగయితే ఎండ లోపలికి దిగదు. అడుగున నాచుమొక్కలు పెరగవు, వాటిని తినే పురుగులు తగ్గుతాయి, ఆ పురుగులను తినే చేపలకు తిండి మారుతుంది.

తాగే నీళ్లకీ చిక్కే. ఇలాంటి నీళ్లలో క్లోరిన్ కలిపితే ఆ సారంతో కలిసి ట్రైహాలోమీథేన్లు అనే పదార్థాలు పుడతాయి. ఎక్కువకాలం ఎక్కువ మోతాదులో తాగితే మంచివి కావని వీటికి హద్దులు పెట్టారు. క్లోరిన్ కలపకపోతే రోగాలు, కలిపితే ఇది. అందుకని ముందుగా ఆ రంగును వడకట్టి తీసేయాలి. పెద్ద ఊరికి అదేం లెక్క కాదు. వందమంది ఉండే ఊరికి, ఇంటింటికీ ట్యాంకరు వచ్చి నీళ్లు నింపి వెళ్లే ఊరికి, అదో పెద్ద ఖర్చు.

అలాస్కాలో అయితే రంగు ఇంకో రకంగా మారింది. అక్కడి బ్రూక్స్ పర్వతాల్లో 75 వాగులు నారింజ రంగుకు తిరిగాయని 2024లో ప్రకటించారు. అది పీట్ సంగతి కాదు. కరిగిన నేలలోని ఖనిజాలకు నీళ్లూ గాలీ తగిలి, ఇనుము బయటపడి తుప్పు కడుతోంది. తుప్పు పట్టిన వాగు! ఫోటోలు చూస్తే గుండె ఝల్లుమంటుంది.

కంటికి కనిపించే రంగు సరే. మా అమ్మాయి ఫ్రిజ్ మీది కాగితం మాత్రం కంటికి కనిపించని దాని గురించి.

చేపలోకి పాదరసం

థర్మామీటర్లో వెండిలా మెరిసే పాదరసం మనకు తెలుసు. అగ్నిపర్వతాల నుంచి, అడవి మంటల నుంచి, ముఖ్యంగా మనం కాల్చే బొగ్గు నుంచి, బంగారం శుద్ధి చేసే గనుల నుంచి అది ఆవిరై గాలిలో కలుస్తుంది. నెలల తరబడి ప్రయాణం చేస్తుంది. ఎక్కడ కాల్చిన బొగ్గుదో ఎక్కడో దిగుతుంది. ఆకులూ నాచూ దాన్ని గాలినుంచి పీల్చుకుంటాయి. అవి చచ్చి పీట్ అయితే, పాదరసం కూడా వాటితోపాటు గడ్డకట్టిపోతుంది. ఇలా వేల ఏళ్ల జమ.

ఉత్తరార్ధగోళంలోని పర్మాఫ్రాస్ట్ ప్రాంతాల నేలల్లో దాదాపు 16 లక్షల టన్నుల పాదరసం ఉండొచ్చని 2018లో ఒక అంచనా వచ్చింది. 2020లో వచ్చిన ఇంకో అంచనా దాన్ని సగం కంటే తక్కువకు దించింది. తగ్గించిన లెక్కే తీసుకున్నా లక్షల టన్నులే.

ఆ పాదరసం ఆ రూపంలోనే ఉంటే ఇంత గొడవ లేదు. మంచు కరిగి, గాలి ఆడని తడిలో పీట్ నానుతున్నప్పుడు కొన్ని రకాల బాక్టీరియా దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. గడ్డకట్టిన దిబ్బల మీద కంటే, కరిగి కుంగిన తడి చోట్ల ఇది ఎక్కువగా ఉందని స్కాటీ క్రీక్‌లోనే 2016లో చూపించారు. ఈ మిథైల్ పాదరసానికి రెండు దుర్గుణాలు. ఒకటి, ఒంట్లోకి చేరితే తొందరగా పోదు. రెండు, గర్భిణి ఒంట్లో ఉంటే మాయను దాటి కడుపులో బిడ్డను చేరుతుంది. అప్పుడే రూపు దిద్దుకుంటున్న మెదడు మీద పనిచేస్తుంది.

నీళ్లలో ఇది ఉండేది అతి స్వల్పం. తాగే నీళ్లతో భయం లేదు, చేపతోనే జాగ్రత్త అన్నది అందుకే. నీళ్లలోంచి నాచుకి, నాచు తిన్న పురుగుకి, పురుగు తిన్న చిన్న చేపకి, చిన్న చేపను మింగిన పెద్ద చేపకి, చక్రవడ్డీలా పెరుగుతూ పోతుంది. చివరన ఉన్న వేటచేపలో నీళ్లలో ఉన్నదానికి లక్షల రెట్లు ఉండొచ్చు.

అక్కడ వేటచేపలంటే పైక్, వాల్‌ఐ. పైక్ మన కొర్రమీనులా మాటు వేసి దొరికిన చేపనల్లా మింగే రకం. వైట్‌ఫిష్ వేరు. అడుగున నత్తలూ పురుగులూ ఏరుకుని తింటుంది. అందుకని వైట్‌ఫిష్‌లో పాదరసం తక్కువ, ముసలి పైక్‌లో ఎక్కువ. ఇక ఏ సరస్సు అన్న ప్రశ్న. ఫోర్ట్ సింప్సన్ చుట్టుపక్కల డెహ్‌చో ప్రాంతపు సరస్సుల్లో వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన హైడీ స్వాన్సన్ బృందం స్థానికులతో కలిసి చేపలు పట్టి పరీక్షించింది. ఒక సరస్సులో తిన్నంత తినగలిగిన చేప, ఇంకో సరస్సులో హెచ్చరిక దాటింది. చిన్న సరస్సయి, దానిలోకి పెద్ద చిత్తడి నేల నీళ్లు వచ్చి పడుతుంటే పాదరసం ఎక్కువ. చేప నెమ్మదిగా పెరిగితే ఇంకా ఎక్కువ. అందుకని నేల కరగడం ఒక్కటే కారణమని ఎవరూ అనడం లేదు. కరిగే నేల ఆ సరస్సుల్లోకి ఇంకా ఎక్కువ మోసుకొస్తుందేమోనన్నదే వాళ్ల దిగులు.

ఇంకో మాట. ఉప్పూ పసుపూ పట్టించి ఏడుసార్లు కడిగినా, నిమ్మకాయ పిండినా, నూనెలో వేయించినా పాదరసం పోదు. అది కండలోనే ఉంటుంది. అందుకే వండేటప్పుడు కాదు, ఎంచుకునేటప్పుడే చూసుకోవాలి.

మా వైపు బాలింతకు పాలు పడతాయని పాలసొర వండిపెడతారు. సొర కూడా వేటచేపే, సముద్రపు మిథైల్ పాదరసం దానిలోనూ చేరుతుంది. గర్భిణులూ పాలిచ్చే తల్లులూ సొరను మానేయాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ సలహా ఇస్తోంది. చిన్న జాతుల్లో, చిన్న వయసు చేపల్లో తక్కువ ఉంటుంది. మా అమ్మకి ఈ మాట చెబితే నన్ను ఎగాదిగా చూసింది.

చేప మానేస్తే?

పాదరసం అనగానే జపాన్‌లోని మినమాతా గుర్తొస్తుంది. 1956లో అక్కడ బయటపడిన జబ్బులో, పైకి ఏ బాధా లేని తల్లులకు కూడా అవిటి బిడ్డలు పుట్టారు. అక్కడ ఫ్యాక్టరీ నేరుగా సముద్రంలోకి వదిలిన విషం అది. డెహ్‌చో చేపల్లో ఉన్నదానికీ దానికీ పోలికే లేదు. అయినా ఒకసారి ఆ పేరు చెవిన పడ్డాక తల్లి మనసు ఊరుకుంటుందా? "వద్దులే, అసలు చేపే మానేద్దాం" అనిపిస్తుంది.

అక్కడే అసలు నష్టం ఉంది. ఉత్తరాది చిన్న ఊళ్లలో అంగడి సరుకు దూరం నుంచి రావాలి, ధరలు మండిపోతుంటాయి. తాజా కూరగాయ కంటే డబ్బా తిండి, కూల్‌డ్రింకు చవక. చేప మానేసిన ఇంట్లోకి వచ్చేది అదే, వెనకాల మధుమేహం. చేపలో మాంసకృత్తులున్నాయి, బిడ్డ మెదడుకు కావలసిన ఒమేగా కొవ్వులున్నాయి, విటమిన్ డి ఉంది. ఆరునెలలు ఎండ మొహం సరిగా చూడని ఊళ్లలో విటమిన్ డి అంటే మాటలా?

తిండి మాత్రమే కాదు. డెనె ఆడవాళ్లు చేపను చీల్చి, ముల్లు తీసి, కండను సన్నగా గాట్లు పెట్టి, కర్రల మీద వేలాడదీసి, కింద పొగ పెట్టి ఎండుచేప చేస్తారు. గాటు ఎంత లోతు పెట్టాలో, ఏ కర్ర పొగ పెట్టాలో అమ్మ చేతి నుంచి కూతురి చేతికి వచ్చే విద్య. మన ఎండుచేపలకీ వాటికీ తేడా ఏమిటంటే, వాళ్లు ఉప్పు కంటే పొగను నమ్ముకున్నారు. చేప వద్దన్నారంటే ఆ పనీ, ఆ కబుర్లూ, ఆ చేపల తావుకు వెళ్లి గుడారం వేసుకునే రోజులూ అన్నీ పోతాయి.

అందుకని 2016 నుంచి 2018 వరకు వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్లు డెహ్‌చో, సాహ్‌తూ ప్రాంతాల ఊళ్లకు వెళ్లి, ఇష్టపడి ముందుకొచ్చినవాళ్ల దగ్గర వెంట్రుకలు, రక్తం, మూత్రం పరీక్షించారు. జుట్టులో పాదరసం ఎంతుందో చూస్తే గడిచిన నెలల్లో ఎంత ఒంట్లోకి చేరిందో తెలుస్తుంది. డెహ్‌చోలో చాలామందికి అది హెచ్చరిక స్థాయి కంటే తక్కువే ఉంది. సారాంశం, చేప మానొద్దు, ఎంచుకుని తినండి. వైట్‌ఫిష్ ధారాళంగా తినండి. పైక్, వాల్‌ఐ పెద్దవైతే తగ్గించండి. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లూ చిన్నపిల్లలూ కొన్ని సరస్సుల పేర్లు గుర్తుపెట్టుకోండి. ఇదే ఆ ఫ్రిజ్ మీది కాగితం.

నాకు ఈ పద్ధతి నచ్చింది. భయపెట్టి తిండి మాన్పించడం సులువు. ఏది ఎంత తినొచ్చో లెక్క తేల్చి చెప్పడానికి సరస్సు సరస్సుకీ వెళ్లాలి, చేప చేపకీ కొలవాలి. ఒక సరస్సులో ముసలి వేటచేపలను పట్టి తీసేసి చూశారు కూడా. మిగిలినవి తిండి దండిగా దొరికి తొందరగా పెరుగుతాయని, వాటిలో పాదరసం పలచబడుతుందని ఆలోచన.

మా అమ్మాయికి పదకొండో రోజు తర్వాత వైట్‌ఫిష్ పులుసు పెట్టాను. గ్రేట్ స్లేవ్ సరస్సుదే. చింతపండు తక్కువ, మిరియాలు ఎక్కువ, వెల్లుల్లి దండిగా. తెల్లటి మెత్తటి కండ, ముళ్లు ఫరవాలేదు. పులసతో పోల్చను గానీ, బాలింతకు భేషుగ్గా ఉంది. పిల్లదానికి ఇప్పుడు నడక వచ్చింది.

కడ్డీ ఎంత దిగుతుంది

2022 ఆగస్టులో స్కాటీ క్రీక్ పరిశోధన కేంద్రం బాధ్యతను లీడ్లీ క్వే మూలవాసులు తీసుకున్నారు. పరాయి ఊరి శాస్త్రవేత్తలు వచ్చి కొలుచుకుని వెళ్లే రోజులు పోయి, ఆ నేల మీద పుట్టిపెరిగినవాళ్లే కేంద్రాన్ని నడపడం మొదలైంది. రెండు నెలలు తిరిగాయో లేదో, అక్టోబరులో, మంచు పడవలసిన కాలంలో, అడవి మంట వచ్చి కేంద్రంలో చాలా భాగాన్ని బూడిద చేసింది. గుడిసెలు పోయాయి, పరికరాలు పోయాయి. తర్వాత మళ్లీ కట్టుకున్నారు, మళ్లీ కొలుస్తున్నారు.

కొలిచే పనిముట్లలో అన్నిటికంటే పాతది, అన్నిటికంటే చవకది ఒక ఇనపకడ్డీ. వేసవి చివర నేలలోకి గుచ్చుతారు. కింద మంచు తగిలితే టక్‌మని ఆగుతుంది, అంతవరకు లోతు రాసుకుంటారు. దిబ్బ నడిమధ్యన ఇప్పటికీ ఆగుతుంది. అంచుల దగ్గర కొన్ని చోట్ల కడ్డీ పిడి దాకా దిగినా ఏమీ తగలడం లేదు.